ఆగిన పసిగుండె మళ్లీ కొట్టుకున్నాక: బిడ్డ కోలుకోవడం వేటి మీద ఆధారపడుతుంది?

ఆసుపత్రిలో బిడ్డ గుండె ఆగి, డాక్టర్లు ఛాతీ నొక్కి దాన్ని మళ్లీ కొట్టుకునేలా చేశాక, బయట నిలబడ్డ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "ఎంతసేపు ఆగింది సార్?" అన్నదే. నెల్లూరు పెద్దాసుపత్రి పిల్లల వార్డు ముందైనా, ఒంగోలు రిమ్స్ వరండాలోనైనా ఇదే మాట. నిమిషాల లెక్క తెలిస్తే బిడ్డ సంగతి తేలిపోతుందని వాళ్ల ఆశ, వాళ్ల భయం కూడా. నిమిషాలు ముఖ్యమే, కాదనను. కానీ గత పాతికేళ్లలో పోగైన పరిశోధనలు చూస్తే, బిడ్డ బతికి బట్టకట్టడమూ, బతికాక మునుపటిలా ఆడుతూ పాడుతూ తిరగడమూ ఆ కాసేపటి మీద మాత్రమే ఆధారపడటం లేదని తెలుస్తుంది. గుండె ఆగకముందు గడిచిన గంటలున్నాయి. మళ్లీ కొట్టుకోవడం మొదలయ్యాక గడవాల్సిన రెండు మూడు రోజులున్నాయి. మన దగ్గర మాటలన్నీ నడిమి ఘట్టం చుట్టూ తిరుగుతాయి. నా దృష్టిలో మొదటి ఘట్టమే అన్నిటికంటే పెద్దది. అందుకే దాని గురించే ఎక్కువ చెప్పదలచుకున్నాను.

పెద్దవాళ్ల గుండె ఆగడానికీ పిల్లల గుండె ఆగడానికీ తేడా ఉంది. నడివయసు మనిషికి గుండె రక్తనాళం పూడుకుపోయి, లయ తప్పి, ఉన్నట్టుండి కుప్పకూలతాడు. ఆ క్షణం వరకూ అతని ఊపిరి బాగానే ఆడుతోంది, రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉంది. పిల్లల్లో ఎక్కువ మందికి జరిగేది ఇది కాదు. వాళ్ల గుండె చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. న్యుమోనియా, ఆస్తమా, ఆగని ఫిట్స్ ఊపిరిని దెబ్బతీస్తాయి. విరేచనాలు, డెంగీ, రక్తంలో ఇన్ఫెక్షన్ రక్తప్రసరణను దెబ్బతీస్తాయి. గంటల తరబడి ఆక్సిజన్ తగ్గుతూ, రక్తంలో ఆమ్లం పేరుకుంటూ వచ్చి, ఇక లాగలేక గుండె నెమ్మదించి ఆగిపోతుంది. అంటే గుండె ఆగేసరికే మెదడు, మూత్రపిండాలు, కాలేయం చాలాసేపటి నుంచి ఆక్సిజన్ లేక నలిగిపోయి ఉంటాయి. పెద్దల విషయంలో ప్రాణం నిలిపే కరెంటు షాక్ పిల్లల్లో కొద్దిమందికే పనికొస్తుంది. షాకుకు లొంగే లయతో మొదలయ్యే కేసులు పదింట ఒకటి మాత్రమే. దారిలో పడిపోయిన పెద్దమనిషికి ఛాతీ మాత్రమే నొక్కినా మేలు జరుగుతుంది. బిడ్డకు మాత్రం ఊపిరి కూడా అందించాలి, ఎందుకంటే లోపించింది అదే.

మొదటి ఘట్టం ఎంత కీలకమో చెప్పే అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నడిపే రిజిస్ట్రీలో, అంటే కేసుల నమోదు పట్టికలో, ఆసుపత్రిలో ఉండగా సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించే చికిత్స) అవసరమైన ఐదున్నర వేల మందికి పైగా పిల్లల వివరాలు అందులో పరిశీలించారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక నియమం తెలియాలి. బిడ్డ గుండె వేగం నిమిషానికి 60 కంటే పడిపోయి, ఆక్సిజనూ ఊపిరీ ఇస్తున్నా ఒళ్లు పాలిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి ఉంటే, నాడి ఇంకా తగులుతున్నా సరే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు ఈ నియమం లేదు. ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి సీపీఆర్ ఇలాగే, నాడి ఉండగానే మొదలైంది. నాడి పోకుండా నిలిచిన పిల్లల్లో 70 శాతం మంది ఇంటికి వెళ్లారు. మొదట చూసేసరికే నాడి లేని పిల్లల్లో 37.5 శాతం మంది వెళ్లారు. నాడి ఉండగా సీపీఆర్ మొదలుపెట్టినా, కళ్ల ముందే నాడి పోయిన పిల్లల్లో 30 శాతం మందే దక్కారు.

ఈ మూడో అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. ముందుగా మొదలుపెట్టినవాళ్లకు ఫలితం మరీ తక్కువగా ఉండటమేమిటి? సీపీఆర్ త్వరగా మొదలుపెట్టడం తప్పని దాని అర్థం కాదు. చేయాల్సినదంతా చేస్తున్నా జారిపోతున్న బిడ్డ జబ్బు అప్పటికే చాలా దూరం వెళ్లిపోయిందని అర్థం. ఛాతీ నొక్కే చేతులు రక్తాన్ని తిప్పగలవు కానీ, ఆరు గంటలుగా పేరుకున్న ఆమ్లాన్నీ, నీరు నిండిన ఊపిరితిత్తులనూ బాగుచేయలేవు. ఒకే వార్డులో, ఒకే డాక్టరు చేతుల్లో ఇద్దరు పిల్లలకు వేర్వేరు ఫలితాలు రావడానికి ముఖ్య కారణం ఇదే. దాన్ని తలరాత అనడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఆరు గంటల్లో ఎక్కడో ఒకచోట అడ్డుపడే వీలుండేది.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఆ గంటలు ఎక్కడ ఖర్చవుతాయో అందరికీ తెలుసు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. కనిగిరి వైపు పల్లెల నుంచి ఒంగోలు చేరడమూ తక్కువ పని కాదు. ఊళ్లో ఒక ఇంజెక్షన్, మండల కేంద్రంలో ఒక సెలైన్ బాటిల్, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రిఫర్. ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు బిడ్డను చూశారు, కానీ ఊపిరిని లెక్కపెట్టినవారు లేరు. అర నిమిషం కాకుండా పూర్తి నిమిషం పాటు, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పొట్ట కదలికను చూస్తూ లెక్కపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు తేలికగా గుర్తుంటాయి: రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. ఆ అంకెను తాకినా దాటినా తక్షణం చూడాల్సిన బిడ్డ. డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, మూలగడం, పాలు పట్టకపోవడం, పిలిస్తే పలకని మగత, పాదాలు చల్లబడటం, పొద్దుటి నుంచి మూత్రం పోయకపోవడం ఇవన్నీ గుండె ఆగడానికి ముందు శరీరం పంపే కబుర్లు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అప్పటిదాకా ఆయాసపడుతున్న బిడ్డ ఊపిరి ఉన్నట్టుండి నెమ్మదించి, కదలకుండా పడుకుంటే కుదుటపడ్డాడనుకోకూడదు. అలసిపోయి ఉండవచ్చు. ఆగిపోయే ముందు కనిపించే చివరి గుర్తు చాలాసార్లు అదే.

జబ్బు ఏమిటన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. మన ప్రాంతంలోనే దొరికే రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి. వేసవిలో నేల మీద పడుకున్న పిల్లవాణ్ణి రాత్రి కట్లపాము కరుస్తుంది. కాటు నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేడు, కాసేపటికి ఛాతీ కండరాలు పడిపోయి ఊపిరి ఆగుతుంది. ఈ పిల్లవాడి గుండె గుండ్రాయిలా ఉంది. ఊపిరి ఆగిన క్షణం నుంచి ఎవరైనా అంబు బ్యాగుతో (చేత్తో నొక్కి గాలి అందించే సంచితో) ఊపిరి అందిస్తూ ఉంటే, విషానికి మందు ఇచ్చి వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉంచితే, పూర్తిగా కోలుకుని బడికి వెళ్తాడు. చూడటానికి చనిపోయినట్టే ఉన్నా, కళ్లు తెరవలేకపోయినా లోపల స్పృహ ఉండవచ్చు. అందుకే అలాంటి బిడ్డ విషయంలో ఎవరూ తొందరపడి ఆశ వదులుకోకూడదు.

ఎర్రతేలు కుట్టిన బిడ్డది వేరే కథ. ఆ విషం నరాలను రెచ్చగొట్టి, రక్తపోటును ఆకాశానికి తీసుకెళ్లి, గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇక్కడ గుండె ఆగితే మళ్లీ రాబట్టడం కష్టం, ఎందుకంటే పనిచేయాల్సిన కండరమే గాయపడింది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్రతో ఈ విషప్రభావాన్ని అడ్డుకోవచ్చని చూపించారు. ఆ మాత్ర సమయానికి పడితే చాలావరకు గుండె ఆగే దాకా పోదు. డెంగీలో రక్తప్రసరణ పడిపోతే సెలైన్ కొలిచి ఎక్కించడం, ఆస్తమాకు పీల్చే మందు, ఫిట్స్‌ను తొలి నిమిషాల్లో ఆపే మందు, వీటన్నిటి సంగతీ ఇంతే. గుండె ఆగకుండా చూసే మందులు సీపీఆర్ కంటే చవకైనవి, తేలికైనవి.

ఇప్పుడు నిమిషాల సంగతి

2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పింది. 2000 నుంచి 2009 వరకు ఆసుపత్రుల్లో గుండె ఆగిన 3,419 మంది పిల్లల లెక్క అది. మొదటి పదిహేను నిమిషాల్లో, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం రెండు శాతం చొప్పున తగ్గింది. సీపీఆర్ పదిహేను నిమిషాల లోపే ముగిసిన పిల్లల్లో 41 శాతం మంది డిశ్చార్జ్ అయ్యారు. 35 నిమిషాలు దాటినవారిలో 12 శాతం మందే.

ఇక్కడి దాకా అందరూ ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, 35 నిమిషాలు దాటి కూడా బతికిన ఆ కొద్దిమందిలో పదికి ఆరుగురు మెదడు పనితీరు పరంగా మంచి స్థితిలో ఇంటికెళ్లారు. పదిహేను నిమిషాల లోపు వాళ్లలో అది పదికి ఏడుగురు. అంటే ఎక్కువసేపు పట్టిందన్న ఒక్క కారణంతో మెదడు పోయి ఉంటుందని తీర్మానించడం తప్పు. అయితే ఈ అంకెను ఉన్నదున్నట్టుగా ప్రతి బిడ్డకూ అంటగట్టకూడదు. అంతసేపు సీపీఆర్ కొనసాగించింది ఎవరికి? డాక్టర్లకు ఆశ కలిగించిన పిల్లలకు, గుండె ఆపరేషన్ అయ్యి నిపుణుల మధ్య ఉన్న పిల్లలకు. ఆ అధ్యయనంలోనే గుండె ఆపరేషన్ అయిన పిల్లల ఫలితాలు అందరికంటే మెరుగు. దెబ్బలు తగిలి వచ్చిన పిల్లలవి తక్కువ. గడియారాన్ని చూడాలి, దాంతోపాటు ఎవరి గుండె, ఎందుకు ఆగిందన్నదీ చూడాలి.

ఆ నిమిషాలు ఎలా గడిచాయన్నది మరో ప్రశ్న. ఛాతీ నొక్కడం చేతిపంపు కొట్టడం లాంటిది. నాలుగైదు సార్లు కొట్టాక గానీ నీళ్లందవు, ఆపితే ఒక్కసారిగా కిందికి జారిపోతాయి. గుండె కండరానికి రక్తం అందేది నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. అందుకే లోతుగా నొక్కడంతో పాటు పూర్తిగా వదలడం కూడా అంతే అవసరం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పసిబిడ్డకు నాలుగు సెంటీమీటర్లు, కాస్త పెద్ద పిల్లలకు ఐదు సెంటీమీటర్లు, నొక్కేవారు అలసిపోకముందే రెండు నిమిషాలకు ఒకరు మారడం. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం రక్తనాళంలో గొట్టం అమర్చి ఉన్న పిల్లల్లో, ఛాతీ వదిలినప్పుడు ఉండే బీపీని కొలిచింది. ఏడాది లోపు పిల్లల్లో అది 25, ఆపైన పిల్లల్లో 30 కంటే తగ్గకుండా నిలిచినచోట బతికే అవకాశం స్పష్టంగా ఎక్కువగా కనిపించింది.

ఆగిన గుండెను తిరిగి కదిలించడానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ విషయంలో ఆలస్యం ఎంత ఖరీదైనదో 2015లో తేలింది. షాకుకు లొంగని లయతో గుండె ఆగిన పిల్లల్లో, ఐదు నిమిషాల లోపు తొలి డోసు పడితే మూడోవంతు మంది బతికారు. ఐదు నిమిషాలు దాటితే 21 శాతం మందే. కాగితం మీద ఐదు నిమిషాలు చాలా ఎక్కువగా కనిపిస్తుంది. మంచం పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది అది ఎంత తక్కువో. గాజు ఆంప్యూల్ మెడ విరవాలి. అందులో ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము మందు ఉంటుంది. దాన్ని సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేయాలి. అందులోంచి బిడ్డ బరువు కిలోకు 0.1 మిల్లీలీటరు చొప్పున, పది కిలోల బిడ్డకు ఒక మిల్లీలీటరు ఇవ్వాలి. బిడ్డ బరువు కేస్ షీటు మీద రాసి ఉందా? నరానికి సూది ఎక్కించి ఉందా? లేకపోతే మోకాలి కింద ఎముకలోకి సూది దించడం ఆ డ్యూటీలో ఉన్నవారికి వచ్చా? చేరినప్పుడే బరువు తూచి, డోసు లెక్కకట్టి మంచానికి తగిలించిన వార్డులో ఒక నిమిషం మిగులుతుంది. నేను ఏ పిల్లల వార్డుకు వెళ్లినా మొదట వెతికేది ఆ కాగితాన్నే.

ఊపిరి విషయంలో ఒక అపోహ ఉంది. గొంతులో గొట్టం వేస్తేనే అసలైన వైద్యం మొదలైనట్టని బంధువులే కాదు, కొందరు వైద్యులూ భావిస్తారు. గుండె ఆగి ఉన్న సమయంలో గొట్టం వేసిన పిల్లల్లో బతికినవారు వేయనివారి కంటే కొంచెం తక్కువేనని 2016లో తేలింది. మాస్కు బిగుతుగా పట్టి, ఛాతీ పైకి లేచేలా బ్యాగు నొక్కగల నర్సు ఆ క్షణంలో చాలా విలువైన మనిషి. కాల్షియం, సోడా బైకార్బ్ ప్రతి బిడ్డకూ ఇవ్వడం కూడా మేలు చేయదు. నిర్దిష్టమైన కారణం ఉన్నప్పుడే అవి పనికొస్తాయి. గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించే ఎక్మో కొన్ని దేశాల్లో ఎందరో పిల్లలను నిలబెట్టింది. కానీ ఛాతీ నొక్కుతూ నెల్లూరు నుంచి చెన్నై తీసుకెళ్లడం అయ్యే పని కాదు.

రాత్రిపూట గుండె ఆగిన పిల్లల్లో బతికేవారు పగటితో పోలిస్తే తక్కువని అమెరికా లెక్కలే చెబుతున్నాయి. సిబ్బంది సాధన ఫలితాన్ని మారుస్తుందా అంటే, మార్చిందనే నా నమ్మకం. ఆ దేశపు రిజిస్ట్రీలో గుండె ఆగిన పిల్లలు డిశ్చార్జ్ దాకా చేరడం 2000లో 14 శాతం దగ్గర ఉంటే, 2009 నాటికి 43 శాతానికి పెరిగింది. బతికినవారిలో వైకల్యం పెరగకుండానే పెరిగింది. అయితే 2022లో పద్దెనిమిది ఐసీయూల్లో జరిగిన ఒక పరీక్షలో, మంచం పక్కన తరచూ సాధన చేయించడం, ప్రతి కేసు తర్వాత కూర్చుని చర్చించడం అదనపు మేలు చూపలేదు. ఆ ఐసీయూల్లో అప్పటికే సగం మందికి పైగా పిల్లలు మంచి స్థితిలో ఇంటికెళ్తున్నారు. మన వార్డులు ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల నివేదికల్లో ఫలితాలు అంతకంటే తక్కువగానే ఉన్నాయి. కాబట్టి ఆ పరీక్షను చూపి సాధన అక్కర్లేదనడానికి వీల్లేదు.

గుండె కొట్టుకున్న తర్వాత

మానిటర్ మీద గీతలు మళ్లీ కదలగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం మాత్రం సగమే తప్పింది. ఆక్సిజన్ లేక నలిగిన మెదడుకు రక్తం తిరిగి చేరినప్పుడు వాపు మొదలవుతుంది. గుండె కూడా కొన్ని గంటలు బలహీనంగా కొట్టుకుంటుంది. ఈ దశలో బీపీ వయసుకు తగిన హద్దు కంటే పడిపోయిన పిల్లలకు ఫలితాలు తగ్గుతాయని వరుసగా వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. జ్వరం రాకుండా కాపలా కాయాలి. ఒంటిని 33 డిగ్రీలకు చల్లబరిస్తే మెదడు నిలుస్తుందన్న ఆశతో పెద్ద పరీక్ష జరిగింది. ఆసుపత్రిలో గుండె ఆగిన పిల్లలపై దాని ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు వేడిమి 36.8 దగ్గర జాగ్రత్తగా పట్టి ఉంచిన పిల్లలతో పోలిస్తే తేడా లేదు. జ్వరాన్ని రానీయకపోవడమే అసలు పని అని వైద్యులు గ్రహించారు. రక్తంలో చక్కెర పడిపోకూడదు. రక్తంలో ఆక్సిజన్ 94 నుంచి 99 శాతం మధ్య ఉండాలి. ఫిట్స్ బయటికి కనబడకుండా మెదడులోనే నడుస్తూ ఉండవచ్చు కనుక వీలైనచోట ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయాలి.

ఈ రోజుల్లోనే కుటుంబాన్ని కూర్చోబెట్టి భవిష్యత్తు చెప్పాల్సి వస్తుంది. మొదటి రోజే "మెదడు పోయింది, లాభం లేదు" అనే మాట వినిపించే చోట్లు ఉన్నాయి. అది శాస్త్రీయం కాదు. కంటిపాప స్పందన, ఈఈజీ, ఎమ్మారై, కదలికలు, వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా బిడ్డ రేపటిని తేల్చలేదు. నిద్రమందులు ఇంకా ఒంట్లో ఉండగా చేసిన పరీక్ష అసలే తేల్చలేదు. కొన్ని రోజులు ఆగి, అన్నిటినీ కలిపి చూడాలి. ఇంకో మాట: సీపీఆర్ జరుగుతుండగా తల్లిదండ్రులను బయటికి నెట్టడం మన అలవాటు. పక్కన ఒక నర్సు ఉండి జరుగుతున్నది చెబుతూ ఉంటే, ఉండాలనుకున్నవారిని ఉండనివ్వమని అంతర్జాతీయ నియమావళే చెబుతోంది.

"మంచి స్థితిలో ఇంటికెళ్లారు" అని ఇంతవరకూ రాసుకుంటూ వచ్చాను. ఆ మాట వెనుక ఏముందో తల్లిదండ్రులకు తెలియాలి. ఈ అధ్యయనాలు మెదడు పనితీరును ఒకటి నుంచి ఆరు వరకు మెట్లుగా కొలుస్తాయి. ఒకటి మామూలు స్థితి, ఆరు మరణం. ఎక్కువ అధ్యయనాల్లో మొదటి మూడు మెట్లనూ, లేదా ఆసుపత్రికి రాకముందున్న స్థితిలోనే ఉండటాన్నీ మంచి ఫలితంగా లెక్కిస్తారు. మూడో మెట్టు అంటే ఒక మోస్తరు వైకల్యం. తన పనులు తాను చేసుకోగలిగినా చదువులో వెనకబడి, ప్రత్యేక బోధన కావాల్సిన బిడ్డ కూడా ఆ లెక్కలో "మంచి ఫలితమే". నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు కదా అని ఇంటికి పంపిన పిల్లవాడు, ఆరు నెలల తర్వాత ఎక్కాలు గుర్తుండటం లేదని, చీటికీ మాటికీ కోపం తెచ్చుకుంటున్నాడని మాస్టారి చేత అనిపించుకుంటాడు. అది మొండితనం కాదు, గుండె ఆగిన ఆ నిమిషాల గాయం.

అందుకే డిశ్చార్జ్ రోజున అడిగి రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: గుండె ఎందుకు ఆగింది, సీపీఆర్ ఎన్ని నిమిషాలు జరిగింది, ఫిట్స్ వచ్చాయా, ఈఈజీలో గానీ స్కానింగులో గానీ ఏం కనిపించింది, మింగడం, చూపు, వినికిడి పరీక్షించారా, మళ్లీ ఎప్పుడు చూపించాలి. గుండెలో పుట్టుకతో లోపం బయటపడితే తిరుపతిలో టీటీడీ 2021లో ప్రారంభించిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం దగ్గరలోనే ఉంది. ఎదుగుదలలో, చదువులో తేడా కనిపిస్తే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే డీఈఐసీల్లో (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే కేంద్రాల్లో) పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఫిజియోథెరపీ, మాట శిక్షణ, మానసిక పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆ డిశ్చార్జ్ కాగితం తీసుకుని మూడు నెలలు గడిచాక ఒకసారి, బడి తెరిచాక మరోసారి అక్కడికి వెళ్లండి. మాస్టారికీ ఒక నకలు ఇవ్వండి.